జనం ముందే ఊహించుకున్న కథ.. దాన్ని తెరమీద గెలిపించిన తాడిపత్రి డైరెక్టర్! ‘పాతాళ భైరవి’ కేవీ రెడ్డి లైఫ్ స్టోరీ

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు వెళ్లినవాళ్లకు ఓ విషయం తెలుసు. పైన చూస్తే ఏమీ ఉండదు. రాతి నేల, చేలు, ఎండ. మెట్లు దిగితే మాత్రం లోకమే మారిపోతుంది. సున్నపురాయిని నీళ్లు తొలిచి చేసిన చీకటి దారులు, తలకు తగిలే కప్పులు, ఉన్నట్టుండి ఎదురయ్యే పెద్ద పెద్ద గదులు. కొలిచిన పొడవే 3,229 మీటర్లు. అందులో అన్నిటికంటే లోతైన చోటు పేరు పాతాళగంగ.

ఆ పేరు వినగానే తెలుగువాళ్లకు ఓ సినిమా గుర్తుకు రాక మానదు. పాతాళం, గుహ, మాంత్రికుడు, బలి, వరం. అదే ‘పాతాళ భైరవి’. విచిత్రం ఏంటంటే, ఆ సినిమా తీసిన డైరెక్టర్ పుట్టిన ఊరు ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆ ఊరు తాడిపత్రి. ఆయన పేరు కదిరి వెంకటరెడ్డి. అందరికీ తెలిసిన పేరు కేవీ రెడ్డి.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. పాతాళ భైరవి షూటింగ్ బెలుం గుహల్లో జరగలేదు. సినిమాలో కనిపించే గుహ మద్రాసులో వేసిన సెట్టు. అప్పట్లో బెలుం అంటే చుట్టుపక్కల పల్లెలకు తెలిసిన ఓ బిలం, అంతే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ దీని గురించి రాశారు. మళ్లీ దాదాపు వందేళ్ల తర్వాత, 1982-83లో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలికి దిగి మ్యాప్ గీసింది. టూరిస్టులకు తలుపులు తెరిచింది 2002లో. అప్పటికి కేవీ రెడ్డి చనిపోయి 30 ఏళ్లు.

ఇంతకీ కేవీ రెడ్డి గురించి ఇప్పుడెందుకు? ఎందుకంటే ఇవాళ ఏ పెద్ద ఫాంటసీ సినిమా వస్తున్నా ఫ్యాన్స్‌లో కనిపించే టెన్షన్‌ను ఆయన 75 ఏళ్ల కిందటే ఎదుర్కొన్నారు. చిన్నప్పటి నుంచి ప్రాణంగా చదువుకున్న కథను సినిమాగా తీస్తున్నారంటే ఆనందం ఒకవైపు, భయం ఒకవైపు. నా హీరో వీడు కాదేమో, ఆ మాంత్రికుడు అలా ఉండడేమో, ఆ మాయ ఇంత చప్పగా ఉండదేమో అని. టోల్కీన్ రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954-55లో అచ్చయితే, పీటర్ జాక్సన్ మొదటి సినిమా 2001లో వచ్చింది. మధ్యలో తరాలు మారాయి. ఆ పుస్తకం చదివిన ప్రతి ఒక్కరి తలలో అప్పటికే ఓ సొంత సినిమా ఆడేసింది. దాంతో పోటీపడటం మామూలు విషయం కాదు.

మన తెలుగులో అలాంటి పుస్తకం ఏదంటే కాశీ మజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాశారు. మణిసిద్ధుడు అనే యతి కాశీకి నడిచి వెళ్తుంటాడు. వెంట ఓ పశువుల కాపరి కుర్రాడు. దారిలో కుర్రాడికి ఏదో ఓ వింత కనబడుతుంది. దాని వెనక కథేంటో చెప్పమంటాడు. మజిలీ చేసిన చోట యతి కథ మొదలుపెడతాడు. రాజకుమారులు, మాంత్రికులు, శాపాలు, కథలో కథ, ఆ కథలో ఇంకో కథ. ఇప్పటి వెబ్ సిరీస్‌లకు తీసిపోని అల్లిక. చదువు వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లు చదివించుకుని విన్నారు. అరుగుల మీద, వసారాల్లో ఈ కథలు అలా నడుస్తూనే ఉండేవి. పాతాళ భైరవికి విత్తనం ఈ కథల్లోనే ఉంది. దానికి అల్లావుద్దీన్ అద్భుత దీపం ఛాయలు కూడా కలిశాయి.

క్యాష్ లెక్కల నుంచి కెమెరా వెనక్కి

కేవీ రెడ్డి 1912 జులై 1న పుట్టారు. మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ చేశారు. ఆ రోజుల్లో రాయలసీమ నుంచి వెళ్లి మద్రాసులో సైన్స్ డిగ్రీ చేసిన కుర్రాడు గవర్నమెంట్ ఉద్యోగం చూసుకుంటాడు. ఈయన సినిమా ఆఫీసులో క్యాషియర్‌గా చేరారు. 1938లో వచ్చిన ‘గృహలక్ష్మి’ తీసిన రోహిణీ సంస్థలో.

దాని తర్వాత వాహిని వచ్చింది. కడప జిల్లా నుంచి వచ్చిన బీఎన్ రెడ్డి, తాడిపత్రికే చెందిన స్నేహితుడు మూలా నారాయణస్వామి, వీళ్లతో పాటు కేవీ రెడ్డి. ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ సినిమాలకు ఆయన ప్రొడక్షన్ మేనేజర్. అంటే డబ్బు ఎక్కడ ఖర్చవుతోంది, ఎక్కడ వేస్ట్ అవుతోంది అన్నది దగ్గరుండి చూసిన మనిషి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, తర్వాత ఆయన సినిమాలన్నిటికీ పునాది ఇదే.

1943లో ఛాన్స్ వచ్చింది. ‘భక్త పోతన’. నాగయ్య హీరో. తెలుగువాళ్ల ఇళ్లలో భాగవతం పద్యాలు నోటికి వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కలేని కాలం. పోతనను తెరమీద చూపించడమంటే ప్రతి ఇంటి పెద్దాయనతో పరీక్ష రాయించుకోవడమే. సినిమా పెద్ద హిట్టయింది. 1947లో ‘యోగి వేమన’ తీశారు. మళ్లీ నాగయ్యే. ఇందులో నాగయ్య నటన గురించి ఇప్పటికీ మాట్లాడతారు. పోతన స్థాయిలో డబ్బులు మాత్రం రాలేదు.

ఆ తర్వాత కేవీ రెడ్డి దారి మార్చారు. 1949లో ‘గుణసుందరి కథ’. షేక్‌స్పియర్ రాసిన కింగ్ లియర్‌లో ముగ్గురు కూతుళ్లున్న రాజు కథను తీసుకుని, పూర్తిగా మన ముసలమ్మలు చెప్పే కథలా మార్చేశారు. ఇంగ్లిష్ నాటకం వాసన ఎక్కడా రాదు. విషాదం పోయి శాపం, మహిమ, మణి వచ్చి చేరాయి. దీనికి పనిచేసిన రచయిత పింగళి నాగేంద్రరావు. ఈ ఇద్దరి జోడీ కుదరడమే తెలుగు సినిమాకు దక్కిన అదృష్టాల్లో ఒకటి. దేన్ని ఉంచాలి, దేన్ని వదిలేయాలి అన్న పట్టు కేవీ రెడ్డికి దొరికింది ఇక్కడే.

తోటరాముడు ఎవరు?

బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి పెట్టిన విజయా సంస్థ తొలి సినిమా ‘షావుకారు’ 1950లో వచ్చింది. మంచి పేరు వచ్చినా, డబ్బుల విషయంలో ఆశించినంత లేదు. రెండో సినిమా తప్పకుండా ఆడాలి. ఆ బాధ్యత కేవీ రెడ్డి మీద పెట్టారు. ఎంచుకున్నది జానపద కథ.

మరి హీరో ఎవరు? అప్పటికి జానపదం అంటే అక్కినేని నాగేశ్వరరావు. ‘బాలరాజు’, ‘కీలుగుర్రం’ హిట్లతో ఆయన ఊపు మీదున్నారు. జనం ఊహలో కత్తి పట్టిన కుర్రాడి ముఖం ఆయనదే. కేవీ రెడ్డి మాత్రం ఇండస్ట్రీలోకి వచ్చి రెండేళ్లు కూడా కాని ఎన్టీ రామారావును తీసుకున్నారు. టెన్నిస్ కోర్టులో రామారావు రాకెట్ పట్టుకుని చూపించిన కోపం, కసి చూసి ఈయనే తోటరాముడని డిసైడ్ అయ్యారన్న కథ సినిమా వర్గాల్లో ఎప్పటి నుంచో చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, ఎంపిక మాత్రం అదిరింది. తోటరాముడు రాజకుమారుడు కాదు. తోటమాలి కొడుకు. అందం కంటే తెగింపు ముఖ్యం.

ఇంకో ఎంపిక మరీ సాహసం. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు. అప్పటికి ఆయన పెద్ద పేరున్న నటుడు కాదు. ఈ సినిమా తర్వాత ఆయన లేకుండా తెలుగు సినిమాను ఊహించలేని పరిస్థితి వచ్చింది. మాంత్రికుడు అనగానే ఇవాళ్టికీ మన కళ్లముందు కదిలే గడ్డం, చేతి కర్ర, సాగదీసిన మాట అన్నీ ఆయనవే. అంటే ఏం జరిగింది? జనం ఎవరికి వారు ఊహించుకున్న మాంత్రికులందరూ చెరిగిపోయి, ఈ ఒక్కడే మిగిలాడు.

కథలో చేసిన మార్పులు కూడా గమనించాలి. అల్లావుద్దీన్‌కు దీపం దొరకడంలో అదృష్టం పాలు ఎక్కువ. తోటరాముడికి అలా కాదు. ఉజ్జయిని రాకుమారి ఇందుమతిని ప్రేమించాడు. తన అంత ఐశ్వర్యం తెచ్చుకుంటేనే పిల్లనిస్తానని రాజు షరతు పెట్టాడు. ఆ అవసరమే రాముణ్ని మాంత్రికుడి దగ్గరకు నడిపించింది. మాంత్రికుడికేమో పాతాళ భైరవికి బలివ్వడానికి ఓ సాహసి కావాలి. ఇద్దరి అవసరాలూ గుహ దగ్గర ఢీకొన్నాయి. అక్కడ కుర్రాడు తిరగబడి మాంత్రికుణ్నే బలిచ్చేశాడు. ఇంటర్వెల్ కూడా రాకముందే విలన్ చచ్చిపోతే ఇక సినిమా ఏముంటుంది అనుకుంటాం. శిష్యుడు సదాజప సంజీవనితో గురువును మళ్లీ లేపుతాడు. కష్టపడి సంపాదించిన ఐశ్వర్యం, పెళ్లి పీటల దాకా వచ్చిన పెళ్లి, రెండూ పోతాయి. మళ్లీ మొదటి నుంచి పోరాటం. పుస్తకంలో పేజీలకు పేజీలు నడిచే కథకథనాల అల్లికను ఇలా ఒకే తాడులా పేనారు. పింగళి, కమలాకర కామేశ్వరరావు, కేవీ రెడ్డి కలిసి కూర్చుని చేసిన పని ఇది.

స్టాప్‌వాచ్ డైరెక్టర్

కేవీ రెడ్డి పద్ధతి ఇండస్ట్రీలో ఫేమస్. స్క్రిప్టు మొత్తం పూర్తయి బైండింగ్ అయితే తప్ప షూటింగ్ మొదలుపెట్టరు. ఒకసారి మొదలయ్యాక మాట కూడా మారదు. ప్రతి సీన్‌నూ ముందే చదివించి, నటింపజేసి, స్టాప్‌వాచ్ పట్టి ఎన్ని నిమిషాలు వస్తుందో లెక్కేసేవారు. సెట్‌లో అంతకంటే ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా ఒప్పుకునేవారు కాదు. క్యాషియర్‌గా మొదలైన మనిషి కదా, ఫిల్మ్ అడుగులనూ రూపాయల్లాగే లెక్కపెట్టారు. పాతాళ భైరవి నిడివి మూడు గంటల పైమాటే. అయినా విసుగు రాదంటే ఈ లెక్కలే కారణం.

మాయ చూపించాల్సి వచ్చినప్పుడు ఈ ప్లానింగ్ ఇంకా ముఖ్యం. అప్పట్లో గ్రాఫిక్స్ లేవు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే ఉన్నారు. ఒకే ఫిల్మ్ మీద రెండు సార్లు షూట్ చేయడం, కెమెరా ఆపి మనిషిని మార్చడం, వెలుగునీడలతో కనికట్టు చేయడం, ఇవే ఆయుధాలు. గోఖలే, కళాధర్ సెట్లు వేశారు. ఘంటసాల సంగీతం. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో పేపర్ మీద ముందే లేకపోతే ఇలాంటి షాట్లు కుదరవు.

ఇక ప్రమోషన్ సంగతి. ఇది మొబైల్‌లో గ్లింప్స్, టీజర్ల కోసం అర్ధరాత్రి దాకా కూర్చునే వాళ్లు తప్పక తెలుసుకోవాలి. నాగిరెడ్డి, చక్రపాణిల చేతిలో 1947లో మొదలైన ‘చందమామ’ పత్రిక ఉంది. సినిమా విడుదలకు ముందే పాతాళ భైరవి కథను అందులో అచ్చేశారు. ఇప్పుడైతే స్పాయిలర్ అని గొడవ చేస్తారు. వాళ్లు మాత్రం కథ ముందే చెప్పేసి, అది తెరమీద ఎలా ఉంటుందో చూడాలన్న ఆత్రం పుట్టించారు. పిల్లలు చదివారు, పెద్దవాళ్లను థియేటర్‌కు లాక్కెళ్లారు. జానపదం చూసేవాడికి కథ తెలియకపోవడం కాదు, కళ్లారా చూడటం ముఖ్యం. హరికథకు, తోలుబొమ్మలాటకు వెళ్లే జనానికి ఇది కొత్తేమీ కాదు. రావణుడు చస్తాడని తెలిసీ తెల్లవార్లూ కూర్చుంటారు.

1951 మార్చి 15న సినిమా రిలీజైంది. వంద రోజులు దాటి ఆడింది. తమిళంలోనూ వచ్చింది, తర్వాత హిందీకీ వెళ్లింది. 1952లో బొంబాయిలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. రామారావు స్టార్ అయ్యారు. విజయా సంస్థ నిలబడింది.

కృష్ణుడిగా ఒప్పుకుంటారా?

ఆ తర్వాత కేవీ రెడ్డి కోసం నిర్మాతలు లైన్ కట్టారు. అన్నపూర్ణ సంస్థ 1951లో మొదలైనా, తొలి సినిమా ‘దొంగరాముడు’ వచ్చింది 1955లో. ఆయన డేట్ల కోసమే అంతకాలం ఆగారు. మధ్యలో 1954లో వాహిని కోసం తీసిన ‘పెద్దమనుషులు’ జాతీయ అవార్డుల్లో తెలుగు విభాగంలో రజత పతకం గెలిచింది. ఇబ్సెన్ నాటకం ఆధారంగా తీసిన సోషల్ సినిమా అది. ఊరి పెద్దల ముసుగు తీసేసే కథ. జానపదాల డైరెక్టర్ అని ముద్ర వేసేవాళ్లు ఓసారి చూడాలి.

అసలు పరీక్ష 1957లో ‘మాయాబజార్’. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు. జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ. అలాంటి కథకు అభిమానులు ఇంకా గట్టిగా ఉంటారు. ప్రతి ఊరిలోనూ ఓ ఘటోత్కచుడు ఉంటాడు, అతని పద్యం ఎలా పాడాలో చెప్పేవాళ్లు వందమంది ఉంటారు. పైగా బడ్జెట్ చూసి నిర్మాతలే వెనకడుగు వేశారు. కొన్నాళ్లు ప్రాజెక్టే ఆగిపోయే పరిస్థితి.

ఇంకో చిక్కు. కృష్ణుడిగా రామారావు. అంతకుముందు ‘ఇద్దరు పెళ్లాలు’లో ఆయన కాసేపు కృష్ణుడి వేషంలో కనిపిస్తే జనం ఒప్పుకోలేదు, థియేటర్లలో గోల చేశారు. రామారావే భయపడ్డారు. కేవీ రెడ్డి వదల్లేదు. కిరీటం, అలంకారం, నడక, నవ్వు అన్నీ కొత్తగా తీర్చిదిద్దించి ఒప్పించారు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. క్యాలెండర్లలో కృష్ణుడి ముఖమే మారిపోయింది.

ఈ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. భారత కథ, అందులో పాండవులే లేరు! అయినా ఆ లోటు ఎవరికీ తోచదు. ఎంతమంది గమనించి ఉంటారో. ప్రియదర్శిని పెట్టెలో శశిరేఖ తన అభిమన్యుణ్ని చూసుకునే సీన్ ఇప్పుడు చూస్తే అచ్చం వీడియో కాల్‌లా ఉంటుంది. చేతిలో ఫోన్ పట్టుకుని ఆ క్లిప్ చూస్తుంటే తమాషాగా అనిపిస్తుంది.

1961లో ‘జగదేకవీరుని కథ’ మరో హిట్. ఇక్కడి దాకా గ్రాఫ్ పైకే.

చివరి పదేళ్లు

అక్కడి నుంచి కిందికి జారింది. 1965లో ‘సత్య హరిశ్చంద్ర’ ఆడలేదు. హరిశ్చంద్ర నాటకాన్ని పద్యాల కోసం ఊరూరా తెల్లవార్లూ చూసిన జనం తెరమీది హరిశ్చంద్రను ఆదరించలేదు. వాళ్లు ఎదురుచూసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. పోతన, తోటరాముడు, కృష్ణుల విషయంలో ప్రేక్షకుల ఊహను గెలిచిన డైరెక్టర్ ఇక్కడ ఓడిపోయారు. 1968లో ‘ఉమాచండీ గౌరీశంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండూ నిరాశపరిచాయి. పద్ధతి అదే, స్టాప్‌వాచ్ అదే, పింగళి కలం అదే. మారింది థియేటర్‌లో కూర్చున్న మనుషులు. కలర్ వచ్చింది, ఫైట్లు పెరిగాయి, సినిమా స్పీడ్ మారింది. రాకుమారి కోసం గుహలో దిగే కుర్రాడి స్థానంలో సిటీలో కారు నడిపే కుర్రాడు వచ్చాడు.

ఏ విజయా సంస్థను తన సినిమాతో నిలబెట్టారో, ఆ సంస్థతో ఆయన బంధం ముగిసింది. చేతిలో సినిమా లేదు. డబ్బు ఇబ్బందులూ వచ్చాయి. ఇది చదవడానికి బాధగా ఉంటుంది కానీ, సినిమా పరిశ్రమలో ఇదేమీ వింత కాదు. హిట్టున్నప్పుడు నాలుగేళ్లు వెయిట్ చేసిన ఊళ్లోనే ఫ్లాప్ తర్వాత ఫోన్ మోగదు.

అప్పుడు పిలిచింది తోటరాముడే. ఎన్టీ రామారావు తన సొంత సంస్థలో ‘శ్రీకృష్ణ సత్య’ డైరెక్షన్ ఆయనకు అప్పగించారు. జయలలిత సత్యభామ. 1971 డిసెంబర్‌లో విడుదలై సక్సెస్ అయింది. కేవీ రెడ్డి చూసుకున్న ఆఖరి విజయం అదే. 1972 సెప్టెంబర్ 15న, 60 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. పాతికేళ్ల పైచిలుకు డైరెక్షన్ కెరీర్‌లో తీసింది పద్నాలుగు సినిమాలే.

ఆయన దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన కుర్రాడు ఒకరు గురువు పద్ధతిని వదల్లేదు. సింగీతం శ్రీనివాసరావు. జానపదాల రోజులు పోయాయని అందరూ అనుకుంటున్న 1994లో ఆయన ‘భైరవ ద్వీపం’ తీశారు. హీరో తోటరాముడి కొడుకు బాలకృష్ణ. నిర్మాత నాగిరెడ్డి కుటుంబం నుంచే. మళ్లీ మాంత్రికుడు, మళ్లీ బలి, మళ్లీ రాకుమారి కోసం తెగించిన కుర్రాడు. సినిమా హిట్.

2010 జనవరిలో ‘మాయాబజార్’కు రంగులద్ది మళ్లీ థియేటర్లలో వేశారు. అప్పుడూ ఫ్యాన్స్‌లో అదే గొడవ. బార్ట్‌లే తీసిన ఆ నలుపు తెలుపు వెన్నెలకు రంగు పూయొచ్చా, పూయకూడదా అని. టికెట్లు మాత్రం తెగాయి. తాతలు మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చారు, ఘటోత్కచుడు లడ్డూలు మింగే సీన్ దగ్గర రెండు తరాలూ ఒకేసారి నవ్వాయి.